గోల్స్ ఎన్ని అని అడక్కండి: మా వాడి ఐస్ హాకీ, నా అనుభవం

మా వాడు ఐస్ హాకీ ఆడతాడని చెప్పగానే తెలుగువాళ్లెవరైనా ముందు అడిగేది "చలి కదా?", ఆ తర్వాత "ఎన్ని గోల్స్ కొట్టాడు?". రెండో ప్రశ్నకి చాలా ఏళ్లపాటు నా దగ్గర తడుముకోకుండా జవాబు ఉండేది. వాడికి ఎనిమిదేళ్లప్పటి నుంచి ఒక రూళ్ల నోట్‌బుక్‌లో తేదీ, ఎదుటి టీమ్, గోల్స్, అసిస్టులు (వేరేవాళ్ల గోల్‌కి ఇచ్చిన పాస్‌లు) అని నాలుగు గళ్లు గీసి ప్రతి మ్యాచ్ రాసేదాన్ని. ఇప్పుడు వాడికి ఇరవై నిండాయి, అమెరికాలో కాలేజీ హాకీ ఆడుతున్నాడు, ప్రో కాంట్రాక్టు ఇంకా చేతికి రాలేదు. మరి ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "మా అబ్బాయి బాగా గోల్స్ కొడుతున్నాడు, తర్వాత ఏం చెయ్యాలి" అని అడిగారు, ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఒకేసారి రాసి పెడితే నయం అనిపించింది.

మేము ఉండేది కెనడాలో, ఒంటారియోలో. నాకు గానీ మా ఆయనకి గానీ స్కేటింగ్ రాదు. వాడికి ఆరేళ్లప్పుడు పక్కింటి పిల్లలతో రింక్‌కి వెళ్లి మంచు మీద పడుతూ లేస్తూ నవ్వుతూ వచ్చాడు, అంతే, అలా మొదలైంది. స్కేట్ బ్లేడుకి ఒకటి కాదు రెండు అంచులుంటాయని, మధ్యలో సన్నగా గుంత చెక్కి ఉంటుందని, ఆ గుంత లోతుని బట్టి మంచుని ఎంత పట్టుకుంటుందో మారుతుందని నాకు తెలియడానికే రెండేళ్లు పట్టింది. ఇంతా చేసి ఫార్వర్డ్‌కి (ముందుండి దాడి చేసే ఆటగాడు, మా వాడూ అదే) అన్నిటికన్నా ముందు కావలసింది ఆ అంచుల మీద పట్టే. షాట్ ఎంత గట్టిదైనా, లోపలి అంచు నుంచి బయటి అంచుకి మారుతూ వేగం తగ్గకుండా తిరగడం రానివాడు పన్నెండేళ్ల వయసు దాటాక వెనకబడిపోతాడు. ఇది అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే షూటింగ్ క్లాసులకి పోసిన డబ్బులో సగం స్కేటింగ్ కోచ్‌కి ఇచ్చేవాళ్లం.

మా వాడు పుట్టింది నవంబర్ 2005లో. ఈ నవంబర్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మా కథంతా దాని చుట్టూనే తిరిగింది. ఇక్కడ పిల్లల్ని వయసు గ్రూపులుగా విడదీసేది పుట్టిన సంవత్సరాన్ని బట్టి. జనవరి 2005లో పుట్టినవాడూ నవంబర్ 2005లో పుట్టినవాడూ ఒకే జట్టు ట్రయౌట్స్‌కి వస్తారు. పదేళ్ల వయసులో పది నెలల తేడా అంటే మాటలు కాదు, పక్కపక్కన నిలబడితే అన్నా తమ్ముడిలా ఉంటారు. పెద్ద పిల్లవాడు పై జట్టులోకి వెళ్తాడు, పై జట్టుకి మంచి కోచ్, ఎక్కువ ప్రాక్టీసు, ఎక్కువ మ్యాచ్‌లు, వచ్చే ఏడాదికి తేడా ఇంకా పెరుగుతుంది. అందరినీ తీసుకునే హౌస్ లీగ్ పైన ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లుంటాయి, స్కౌట్లు (పై లీగుల కోసం ఆటగాళ్లని వెతికేవాళ్లు) చూసేది దాదాపు ట్రిపుల్ ఏనే. మా వాడిని వరసగా రెండేళ్లు ట్రిపుల్ ఏ ట్రయౌట్స్‌లో తీసేశారు, రెండుసార్లూ కారణం ఒకటే, చిన్నగా ఉన్నాడని. రెండోసారి కార్లో వెనక సీట్లో కూర్చుని హెల్మెట్ తియ్యకుండానే ఇంటిదాకా వచ్చాడు. అద్దంలో చూస్తే ఆ జాలీ వెనక ఏడుస్తున్నాడో లేదో కూడా తెలియలేదు.

ఆ టైంలోనే ఒకాయన స్ప్రింగ్ టీమ్ పెడుతున్నానని, అందులో చేరితే వచ్చే ఏడాది ట్రిపుల్ ఏలో చోటు ఖాయమని చెప్పి మా దగ్గర బాగానే వసూలు చేశాడు. చోటూ లేదు, ఆయనా లేడు. పదకొండేళ్ల పిల్లవాడికి ఎవరైనా ఏదైనా ఖాయం అన్నారంటే అక్కడే లేచి వచ్చెయ్యండి.

డబుల్ ఏలో ఆడిన ఆ రెండేళ్లూ నా నోట్‌బుక్ నిండిపోయింది. ఒక సీజన్‌లో 52 గోల్స్. మేము పొంగిపోయాం. ఇప్పుడు వెనక్కి చూస్తే అందులో ముప్పై గోల్స్ ఒకే రకం, సెంటర్ లైన్ దగ్గర తిరుగుతూ, పక్ (హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరకగానే ఒక్కడే పరుగెత్తి గోల్‌కీపర్ మీదకి వెళ్లడం. సొంత జోన్‌లో, అంటే మన గోల్ వైపు, ఏం జరుగుతోందో వాడికి పట్టేది కాదు. డబుల్ ఏలో అది చెల్లింది.

13వ ఏట ట్రిపుల్ ఏలోకి తీసుకున్నారు, సరిగ్గా అదే ఏడాది బాడీ చెకింగ్ (పక్ ఉన్నవాడిని ఒంటితో గుద్ది ఆపడం) మొదలు. 2013లో హాకీ కెనడా పీ-వీ అనే వయసు గ్రూపులో (ఇప్పుడు యూ13, అంటే పదమూడేళ్లలోపు, అంటున్నారు) బాడీ చెకింగ్ తీసేసింది కాబట్టి మా వాడి బ్యాచ్ అంతా ఆ పై గ్రూపులోకి వచ్చాకే మొదటిసారి దెబ్బ తినడం నేర్చుకున్నారు. సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యేసరికి మా వాడికి ఇంకా పన్నెండే, ఎదుటివైపు కొందరికి మీసాలు వస్తున్నాయి. మొదటి మ్యాచ్‌లో తల దించుకుని పక్ చూసుకుంటూ వెళ్తుంటే ఒక అబ్బాయి భుజంతో గుద్దాడు, మా వాడి స్టిక్ ఒకవైపు, గ్లవ్ ఒకవైపు, వాడు ఇంకోవైపు. నేను లేచి నిలబడ్డాను, నా పక్కనున్న ఆవిడ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ సీజన్ గోల్స్ 6.

2020లో మహమ్మారి వచ్చింది. ఒంటారియోలో ఓహెచ్‌ఎల్ అనే మేజర్ జూనియర్ లీగ్ ఉంది, దాదాపు 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఆడతారు, ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పెద్ద ప్రో లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్లే పెద్ద దారుల్లో అదొకటి. 20 జట్లలో 17 ఇక్కడివి, మూడు సరిహద్దు అవతల మిషిగన్, పెన్సిల్వేనియాలలో ఉన్నాయి. పిల్లలకి పదహారు నిండే ఏడాది ఆ జట్లు డ్రాఫ్ట్‌లో, అంటే రౌండ్లుగా వంతుల వారీగా పేర్లు పిలుస్తూ, ఎంచుకుంటాయి. స్కౌట్లు చూసేది దానికి ముందు సీజన్, అంటే మా వాడికి 2020–21. ఆ సీజనే జరగలేదు. కాంటాక్ట్ లేని ప్రాక్టీసులు కొన్ని, మళ్లీ మూసెయ్యడం, మళ్లీ తెరవడం. ఓహెచ్‌ఎల్ కూడా ఆ ఏడాది మొత్తం ఆడలేదు. వాడు మాత్రం ఆ ఏడాదిలోనే ఐదడుగుల ఐదు నుంచి ఐదడుగుల పది అంగుళాలకి పెరిగాడు, అదీ ఎవరూ చూడకుండా, మా గ్యారేజీలో. ప్లాస్టిక్ షూటింగ్ ప్యాడ్ మీద రోజుకి మూడు వందల పక్కులు కొట్టేవాడు, గోడకి పడ్డ రంధ్రం ఇప్పటికీ అలాగే ఉంది, మా ఆయన కావాలనే పూడ్చలేదు.

జూన్ 2021లో డ్రాఫ్ట్ ఆన్‌లైన్‌లో, రెండు రోజులు, 15 రౌండ్లు. మొదటి రోజు మేము చూడలేదు, అందులో మా వాడి పేరు రాదని తెలుసు. రెండో రోజు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. ఎనిమిదో రౌండ్ అయ్యాక మా వాడు లేచి గ్యారేజీలోకి వెళ్లిపోయాడు, పక్కులు గోడకి తగులుతున్న చప్పుడు వింటూనే మేము స్క్రీన్ చూస్తున్నాం. 11వ రౌండ్‌లో పేరు వచ్చింది. నేను అరిచాను, చప్పుడు ఆగింది, వాడు తలుపు దగ్గర నిలబడి "ఏ టీమ్?" అన్నాడు, అంతే.

11వ రౌండ్ అంటే చోటు వచ్చినట్టు కాదు, క్యాంపుకి పిలుస్తారు. క్యాంపులో నాలుగు రోజులు ఉంచుకుని వెనక్కి పంపించారు. 2021–22లో యూ18 (పద్ధెనిమిదేళ్లలోపు) ఆడాడు, పై జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే పిలిచే అఫిలియేట్ ప్లేయర్‌గా పేరు రాసుకున్నారు, దాన్ని ఇక్కడ ముద్దుగా ఏపీ అంటారు. మా వాడు ఏపీ అయ్యాడని మా అమ్మకి ఫోన్‌లో చెబితే "ఎప్పుడొస్తున్నారమ్మా?" అంది.

2022 ఆగస్టులో జట్టులో చోటు దొరికింది. పదహారేళ్ల పిల్లవాడు మూడు గంటల దూరంలో ఇంకొకరి ఇంట్లో ఉండాలి, అలా ఆటగాళ్లని పెట్టుకునే కుటుంబాన్ని బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. మాకు దొరికినవాళ్లు బంగారం లాంటి మనుషులు, ఆ విషయంలో మాకు అదృష్టం. 68 మ్యాచ్‌ల సీజన్, బస్సులో రాత్రిళ్లు, బస్సులోనే హోంవర్క్. మ్యాచ్‌కి 12 మంది ఫార్వర్డ్‌లు, జట్టులో ఉన్నది 14 మంది. మా వాడు ఆ లెక్కలో 13. ఒంట్లో బాగానే ఉండి కూడా సూటు వేసుకుని స్టాండ్స్‌లో కూర్చోవడాన్ని హెల్దీ స్క్రాచ్ అంటారు, క్రిస్మస్ లోపు పదిహేడు సార్లు అయ్యింది. నోట్‌బుక్‌లో వరసగా సున్నాలు వెయ్యడం చేతకాక నేను రాయడమే ఆపేశాను.

జనవరిలో కోచ్ వాడిని కూర్చోబెట్టి ఒక వీడియో చూపించాడట. ఆ క్లిప్పులు మా వాడు నాకు పంపాడు. అన్నీ ఒకే సీను. మన గోల్ వెనక మన డిఫెన్స్‌మ్యాన్‌కి పక్ దొరుకుతుంది, మీద ఎదుటివాడు వచ్చి పడుతుంటాడు కాబట్టి చూసుకునే టైం ఉండదు, బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) వెంట గట్టిగా కొట్టేస్తాడు. పక్ గోడని రాసుకుంటూ గుండ్రంగా వస్తుంది. వింగర్ (పక్కగా ఆడే ఫార్వర్డ్, అంటే మా వాడు) గోడ దగ్గర నిలబడి దాన్ని ఆపి మన జోన్ హద్దయిన బ్లూ లైన్ దాటించాలి. అదే పక్ కోసం ఎదుటి డిఫెన్స్‌మ్యాన్ బ్లూ లైన్ నుంచి ఆ గోడ వెంటే, పూర్తి వేగంతో దిగుతుంటాడు. ఇదంతా రెండు సెకన్ల పని.

మా వాడు ఏం చేసేవాడంటే, ఒళ్లు గోడకి దూరంగా పెట్టి స్టిక్ మాత్రం చాచేవాడు. కాలు తడవకుండా చేప పట్టాలన్నట్టు. పక్ స్టిక్ కింద నుంచి జారిపోయేది, ఎదుటివాడికి దొరికేది, పది సెకన్లలో మన నెట్‌లో. అలాంటివి పదకొండు క్లిప్పులు. కోచ్ వాడికి చెప్పింది ఇదీ: పక్ వచ్చేలోపే రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడు, ఎవడు వస్తున్నాడో తెలుసుకో. వెన్ను అతనికి పెట్టి, స్కేట్ బ్లేడుని గోడకి ఆనించి దారి మూసెయ్యి, పక్ స్టిక్‌ని తప్పించుకున్నా కాలికి తగిలి ఆగుతుంది. దెబ్బ ఎలాగూ తగులుతుంది, తగలనీ, తగులుతున్నప్పుడే పక్‌ని గ్లాసుకి కొట్టి బయట పడెయ్యి. బ్లూ లైన్ అవతల ఆరడుగులు చాలు.

ఆ ఆరడుగులకి స్టేడియంలో ఎవరూ చప్పట్లు కొట్టరు, బెంచి మీద తోటివాళ్లు మాత్రం స్టిక్కులతో బోర్డుని కొడతారు. నేను మొదట అది చూసి ఎవరో గొడవపడుతున్నారనుకున్నాను.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి కొత్త గళ్లు గీశాను. గోడ దగ్గరికి వచ్చినవి ఎన్ని, బయటికి పంపినవి ఎన్ని. లైవ్ స్ట్రీమ్‌లో చూస్తూ, అనుమానం వస్తే వెనక్కి తిప్పి చూసి రాసేదాన్ని. జనవరిలో పదికి ఐదు. మార్చికి పదికి ఎనిమిది. అప్పటికి నాలుగో లైన్‌లో (ముగ్గురేసి ఫార్వర్డ్‌ల గుంపుని లైన్ అంటారు, నాలుగోది చివరిది) రోజూ ఆడుతున్నాడు, పెనాల్టీ కిల్‌లో, అంటే మనవాడొకడు శిక్ష పడి బయట కూర్చుంటే ఒకరు తక్కువగా గోల్ కాచుకునేటప్పుడు, కూడా పంపుతున్నారు. ఆ సీజన్ మొత్తానికి గోల్స్ 5, డబుల్ ఏలో 52 కొట్టినవాడికి. ఒక రాత్రి ఫోన్ చేసి "అమ్మా, ఇవాళ గోడ దగ్గర తొమ్మిదికి తొమ్మిది" అన్నాడు, ఆ రోజు మ్యాచ్‌లో ఓడిపోయారని నాకు మర్నాడు దాకా గుర్తే రాలేదు.

2023–24లో మూడో లైన్‌కి వెళ్లాడు. అక్టోబర్‌లో ఒకసారి మూల దగ్గర తల బోర్డుకి తగిలింది. తన కాళ్ల మీద తనే బెంచికి వచ్చాడు, కానీ రెండో పీరియడ్ ఏదో మూడో పీరియడ్ ఏదో చెప్పలేకపోయాడు. ఒంటారియోలో 2018 నుంచి రోవన్స్ లా అని చట్టం ఉంది, 2013లో రగ్బీ ఆడుతూ వరస దెబ్బలతో చనిపోయిన అమ్మాయి పేరు మీద తెచ్చింది, తలకి దెబ్బ అనుమానం వస్తే వెంటనే ఆటలోంచి తియ్యాలి. నేను ప్రతి సీజన్ మొదట్లో ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టేదాన్ని. ఈసారి చదివాను. మూడు వారాలు, మెట్టు మెట్టుగా, ముందు చీకటి గది, తర్వాత నడక, తర్వాత ఒక్కడే స్కేటింగ్, డాక్టర్ సరేనన్నాకే కాంటాక్ట్. "నాకు బాగానే ఉంది" అని వాడు రోజూ అంటాడు, ఆ మాట నమ్మకండి, ఆటగాళ్లందరూ అదే అంటారు.

ఇక నవంబర్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి గీత జనవరి ఒకటి కాదు, సెప్టెంబర్ 15. ఆ తేదీలోపు 18 నిండాలి. 2005లో ఆ తేదీ దాటాక పుట్టినవాళ్లు 2023 డ్రాఫ్ట్‌కి కాకుండా 2024 డ్రాఫ్ట్‌కి వెళ్తారు. అంటే చిన్నప్పుడు మమ్మల్ని అంత ఏడిపించిన నవంబరే ఇప్పుడు ఒక సీజన్ అదనంగా ఇచ్చింది. 2023లో అయితే ఐదు గోల్స్ నాలుగో లైన్ కుర్రాడిని ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు. 2024కి 14 గోల్స్, 17 అసిస్టులు ఉన్నాయి, పెనాల్టీ కిల్ ఉంది, ఎన్‌హెచ్‌ఎల్ సెంట్రల్ స్కౌటింగ్ జాబితాలో డబ్ల్యూ రేటింగ్ వచ్చింది. ‘ఏ’ రేటింగ్ అంటే మొదటి రౌండ్‌లో ఎంపికయ్యేవాడని, అలా కిందికి వస్తే డబ్ల్యూ చివరి మెట్టు. ఇద్దరు స్కౌట్లు మాతో మాట్లాడారు, గోల్స్ గురించి ఒక్క ప్రశ్న లేదు. ఒకాయన బిల్లెట్ ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతారని అడిగాడు.

డ్రాఫ్ట్ లాస్ వేగస్‌లో, ఏడు రౌండ్లు, 225 పేర్లు. మా వాడి పేరు రాలేదు. సెలబ్రినీ మొదటి పేరు దగ్గర్నుంచి చివరి పేరు దాకా చూశాం, అదొక పిచ్చి. వారం తిరక్కుండా ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు నుంచి జూలైలో డెవలప్‌మెంట్ క్యాంపుకి రమ్మని పిలుపు వచ్చింది. కాంట్రాక్టు ఉండదు, వాళ్లు నేర్పుతారు, కొలుస్తారు, పంపిస్తారు. అక్కడ స్కేటింగ్ కోచ్ మొదటి రోజే మా వాడి బయటి అంచు ఎడమ కాలు మీద బలహీనంగా ఉందన్నాడట. పన్నెండేళ్లుగా స్కేటింగ్ చేస్తున్నవాడికి ఆ మాట! ఆ వేసవంతా ఎడమ కాలి మీదే పని.

డ్రాఫ్ట్‌లో రాకపోతే కథ అయిపోయినట్టే అని మా ఆయన ఆ రోజుల్లో దిగులుపడేవాడు. అప్పుడు నేను ఆయనకి అర్ష్‌దీప్ బైన్స్ సంగతి చూపించాను. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీ అబ్బాయి, వింగర్, ఏ ఎన్‌హెచ్‌ఎల్ జట్టూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, 2021–22లో డబ్ల్యూహెచ్‌ఎల్‌లో (పశ్చిమ కెనడా వైపు ఓహెచ్‌ఎల్ లాంటి లీగ్) 112 పాయింట్లతో (గోల్స్, అసిస్టులు కలిపి) లీగ్ మొత్తంలో మొదట నిలిచాడు, ఆ సీజన్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కాంట్రాక్టు ఇచ్చింది, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్. భారతీయ మూలాలున్నవాళ్లలో ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదట ఆడింది రాబిన్ బావా, 1989లో. నిజం చెప్పాలంటే ఈ పేర్లు మా వాడి మీద కంటే మా ఆయన మీదే ఎక్కువ పనిచేశాయి. వాడు "సర్లే నాన్నా" అని స్కేట్లు పట్టుకుని వెళ్లిపోయాడు.

2024–25లో రెండో లైన్, 24 గోల్స్. 2025 డ్రాఫ్ట్‌లో మళ్లీ ఎవరూ పిలవలేదు, ఈసారి మేము చూడనేలేదు. అసలు తలనొప్పి ఆ తర్వాత వచ్చింది. ఇరవయ్యేళ్లవాళ్లని ఓహెచ్‌ఎల్ జట్టు ముగ్గురినే ఉంచుకోవచ్చు, మా వాడికి ఆ మూడులో చోటు ఇస్తామన్నారు. ఎన్‌హెచ్‌ఎల్‌కి రెండు మెట్లు కిందుండే ఈసీహెచ్‌ఎల్‌లో చిన్న ప్రో కాంట్రాక్టు దొరకొచ్చని మా అడ్వైజర్ అన్నాడు (ఏజెంటే, కానీ కుర్రాళ్ల విషయంలో అడ్వైజర్ అనే అంటారు). ఓహెచ్‌ఎల్‌లో ఆడిన ప్రతి సీజన్‌కి ఒక ఏడాది చదువు ఖర్చు వస్తుంది కాబట్టి ఇక్కడి యూనివర్సిటీలో చేరి ఆడుకోవచ్చు. నాలుగోది కొత్తది. అప్పటిదాకా ఓహెచ్‌ఎల్‌లో ఆడినవాడు అమెరికా కాలేజీ హాకీకి పనికిరాడు, పదహారేళ్లకే రెండిట్లో ఒకటి తేల్చుకోవాలి. 2024 నవంబర్‌లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంస్థ) ఆ రూలు మార్చింది, 2025 ఆగస్టు 1 నుంచి అమలు. మా వాడి పుట్టిన నెలే ఇది కూడా, నవ్వకండి.

ఇంట్లో నెలరోజులు ఇదే చర్చ. ప్రో అన్న పేరు మా ఆయనకి ఆకర్షణ. మా వాడు వేరే లెక్క చెప్పాడు: కాలేజీలో మ్యాచ్‌లు సగమే, ఎక్కువగా శుక్ర, శనివారాల్లో, మిగతా వారమంతా జిమ్, ప్రాక్టీసు. నాకింకా పది పౌన్లు కండ కావాలమ్మా, వారానికి మూడు మ్యాచ్‌లు ఆడుతూ అది పట్టదు, అన్నాడు. ఐదడుగుల పదకొండు, 178 పౌన్లు అప్పటికి. అలా కాలేజీకి వెళ్లాడు.

ఇప్పుడు అక్కడ మళ్లీ నాలుగో లైన్, మళ్లీ కొత్త కుర్రాడు, ఎదుటివైపు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల మనుషులు. నవంబర్‌లో మూడు మ్యాచ్‌లు స్టాండ్స్‌లో కూర్చున్నాడు. గోడ దగ్గర లెక్క మొదటి నెలలో పదికి ఆరుకి పడింది, ఇప్పుడు ఏడు. పెనాల్టీ కిల్‌లో సెంటర్‌ని (లైన్ మధ్యలో ఆడే ఫార్వర్డ్) లైన్స్‌మ్యాన్ అనే అంపైర్ తప్పించినప్పుడు ఫేస్‌ఆఫ్, అంటే ఆట మొదలుపెట్టడానికి ఇద్దరి మధ్య వదిలిన పక్ కోసం పోటీ, మా వాడు తీసుకోవాల్సి వస్తోంది, ఎప్పుడూ వింగరే కాబట్టి అది సరిగ్గా రాదు, మొన్న ఆరుకి రెండే గెలిచాడు. ప్రాక్టీసు అయ్యాక అసిస్టెంట్ కోచ్‌తో ఇరవై నిమిషాలు అవే చేస్తున్నాడట. ఈ శుక్రవారం మళ్లీ మ్యాచ్ ఉంది, ఆడేవాళ్ల జాబితాలో వాడి పేరు ఉంటుందో లేదో గురువారం సాయంత్రానికి గానీ చెప్పరు.